సారవ్వ తొక్కించిన మట్టి

అనగా అనగా, చెప్పినవారికి పుణ్యం, ఊకొట్టినవారికి ఆరోగ్యం. రాళ్లింకా మెత్తగా ఉన్న కాలమట. కొండ కింద ఒక ధర్మాసుపత్రి ఉండేది. అక్కడ కుండలతో నీళ్లు మోసే కుమ్మరి ముసలమ్మ పేరు సారవ్వ.

ఒకనాడు గొర్ల కాపరి బీరప్పను మంచంమీద మోసుకొచ్చారు. రక్తపింజర కాటేసింది. వైద్యుడి మందుకు ప్రాణం నిలిచింది గాని, విషం మూత్రపిండాలను పట్టింది. ఒళ్లంతా వాపు, మూత్రం చుక్క లేదు. వైద్యుడు మంచం విడవలేదు. దేవుడు దయతలిచాడు, నీరు కదిలింది, వాపు తీసింది. తీరా చూస్తే కాళ్లు చీపురుపుల్లలు!

వైద్యుడు కాళ్లాడించమన్నాడు. బీరప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంద వెంట నడవని కాపరి ఉంటే ఎంత, పోతే ఎంత అనుకున్నాడు. గొర్లను అమ్మేయమని పెళ్లాం లసుమవ్వతో చెప్పేశాడు.

సారవ్వ వైద్యుణ్ణి అడిగి, తడిమట్టి ముద్ద తెచ్చి, మంచానికి కాళ్లవైపు గోడకు అంటించింది. కుమ్మరివాళ్లు తొక్కినట్టే మట్టి తొక్కమంది.

లసుమవ్వ అగ్గయింది. "బతికుండంగనే నా మొగన్ని మట్టి చేస్తవా అవ్వా?"

సారవ్వ బీరప్ప వైపు చూసింది. "ఎవలికైనా మట్టితోనే పని బిడ్డా. అది నీ మీదుండాల్నా, నువ్వు దాని మీదుండాల్నా?"

బీరప్పకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కాలు చాపాడు.

పడుకుని తొక్కాడు. ఆయాసమొస్తే ఆపించింది, తెల్లారి మళ్లీ తొక్కించింది. మట్టిని నేలమీదికి దించితే కూర్చుని తొక్కాడు. ఆయాసమొస్తే ఆపించింది, తెల్లారి మళ్లీ తొక్కించింది. చివరికి ఆమె భుజం పట్టుకుని, లేచి నిలబడి తొక్కాడు. మందు తనది, మొండితనం సారవ్వది అని వైద్యుడు మురిసిపోయాడు.

తొలకరికి బీరప్ప మంద వెనక నడిచాడు. లసుమవ్వ ఆ మట్టినే ప్రమిద చేసి దేవుడి ముందు దీపం పెట్టింది.

అట్లా ఎందరిచేతనో మట్టి తొక్కించి, ఒకనాడు సారవ్వ కన్నుమూసింది. కొడుకుల్లేని ముసలిదాని పాడె ఎవరు మోస్తారని ఊరు గుసగుసలాడింది. పొద్దెక్కేసరికి కొండదారి జనంతో నిండింది. ముందు కొమ్ము పట్టింది బీరప్పే. మంచం దిగవనుకున్న కాళ్లన్నీ ఆమెను మోసుకుపోయాయి.

ఇప్పటికీ ఆ సీమలో ఆసుపత్రి నుంచి వచ్చినవాడితో గడప ముందర తడిమట్టి తొక్కించాకే లోపలికి పిలుస్తారు. మంచం దిగనని మొరాయిస్తే, "సారవ్వకు కాలియ్యి నాయనా" అంటారు. పాదం నేలకు ఆనగానే ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టి, ఆ చేతులు దించకుండానే ఆమెకూ పెడతారు.