చింతాకు నిద్ర నేర్చుకున్న వైనం

ఒకప్పుడు చింతచెట్టుకి నిద్రంటే ఏమిటో తెలియదు. పగలూ రాత్రీ దాని ఆకులు విప్పుకునే ఉండేవి. పొద్దుగుంకి చల్లగాలి మొదలైతే చాలు, వాటికి పండగే. తెల్లారేదాకా గలగల, గలగల, ఒకటే అల్లరి.

ఒక చింతచెట్టు కింద చిన్న పాక ఉండేది. అందులో బుట్టలల్లుకునే గవరయ్య, అతని భార్య పైడితల్లి ఉండేవాళ్ళు. ఒక వేసవిలో వాళ్ళకి కొడుకు పుట్టాడు. గుప్పెడంత మొహం, గోరంత ముక్కు. చెట్టు కొమ్మ వంచి మరీ తొంగిచూసింది.

"అబ్బ! ఎంత ముద్దుగా ఉన్నాడో!" అని మురిసిపోయింది.

కానీ వాడితో ఒక చిక్కు వచ్చిపడింది. పొద్దంతా హాయిగా నిద్రపోయేవాడు. దీపాలు పెట్టే వేళకి కళ్ళు విప్పేవాడు. ఇక తెల్లవార్లూ ఏడుపే. గవరయ్య కాసేపు, పైడితల్లి కాసేపు వాణ్ణి ఎత్తుకుని తిరిగేవాళ్ళు. ఎలాగో రెప్పలు వాలేసరికి పైన ఆకులు గలగలమనేవి. వాడు ఉలిక్కిపడి లేచేవాడు.

ఇరవై రోజులకి పైడితల్లి కళ్ళు గుంటలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం ఆమె గుమ్మంలో కూర్చుని వెదురు చీలుస్తోంది. పక్కనే చాప మీద పిల్లాడు. చీలుస్తూ చీలుస్తూనే కునుకు పట్టింది. కత్తి చెయ్యి జారింది. ఆమె బొటనవేలు కోసి, పిల్లాడి తలకి జానెడు దూరంలో చాపలో దిగబడింది.

పైనుంచి చూస్తున్న చెట్టుకి ప్రాణం పోయినంత పనైంది.

పైడితల్లికి పురుడు పోసిన మంత్రసాని నూకాలు పరుగున వచ్చింది. వేలికి పసుపు అద్ది గుడ్డ కట్టింది.

"వీడు నన్ను నిద్రపోనివ్వట్లేదు మామ్మా. నా మీద పగబట్టాడేమో!" అంటూ పైడితల్లి భోరుమంది.

"పగేంటే పిచ్చిదానా!" అంది నూకాలు. "తొమ్మిది నెలలు నీ కడుపులో ఉన్నాడు. అక్కడ పొద్దు పొడుస్తుందా, గుంకుతుందా? పగలేదో రాత్రేదో వాడికెవరు చెప్పారు? మనమే చెప్పాలి. పగలు మెలకువగా ఉన్నప్పుడు వెలుతురులోకి తీసుకురా. కబుర్లు చెప్పు, ఆడించు. పొద్దుగుంకగానే ఒళ్ళు తుడిచి, కడుపునిండా పాలిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టు. దీపం తగ్గించు. సద్దు లేకుండా చూడు. రోజూ అదే వేళకి, అదే వరసలో."

"అన్నీ చేస్తాను మామ్మా. మరి పైన ఆ సద్దో?"

చెట్టుకి ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది. ముద్దు చేసిందీ తనే, నిద్ర చెడగొట్టిందీ తనే!

ఆ సాయంత్రం ఆకుల్ని పిలిచింది. "పిల్లలూ, పొద్దుగుంకాక ఇక చప్పుడు చెయ్యకూడదు. ఎదురెదురు ఆకులు దగ్గరికి జరిగి గట్టిగా ముడుచుకోండి. గాలి వచ్చినా కదలకండి."

"పొద్దంతా ఎండలో మాడేది మేమేగా! చల్లబడ్డాక కాసేపు ఆడుకుంటే తప్పా?"

"తప్పేం కాదు. కానీ ఆ కత్తి ఎక్కడ పడిందో మీరూ చూశారుగా."

ఆకులు ఒకదాని దగ్గరికి ఒకటి జరిగాయి. రెండు చేతులు జోడించినట్టు, జంటజంటగా ముడుచుకున్నాయి.

గాలి వచ్చింది. "ఏమర్రా, ఆటకి రారా?" అని అడిగింది. ఒక్క ఆకూ పలకలేదు. గాలి అలిగి తాటితోపు వైపు వెళ్ళిపోయింది.

ఆ రోజూ పిల్లాడు ఏడ్చాడు. మర్నాడూ ఏడ్చాడు. మూడోనాటికి ఆకులకి కోపం వచ్చింది.

"మేం ముడుచుకుంటే మాత్రం వాడు పడుకున్నాడా?"

"మొన్నేగా లోకంలోకి వచ్చాడు, ఒక్క రోజులో నేర్చేసుకుంటాడా?" అంది చెట్టు. "చిగురు ఆకవడానికి మీకెన్నాళ్ళు పట్టింది?"

ఎంత ఓపికో ఆ చెట్టుకి! మబ్బు కమ్మి సూర్యుడు కనబడని రోజున కూడా వేళ తప్పనివ్వలేదు. రోజూ పొద్దుగుంకగానే పైన ఆకులు ముడుచుకోవడం చూస్తూ పైడితల్లీ వేళ తప్పలేదు. పగలు పిల్లాణ్ణి చెట్టు కిందికి తెచ్చేది. అప్పుడు ఆకులు బాగా విప్పుకుని ఇష్టమొచ్చినంత గలగలలాడేవి. నువ్వుగింజల్లాంటి ఎండ చుక్కలు వాడి పొట్ట మీద ఆడేవి. వాడు కాళ్ళు తన్నుకుంటూ చూసేవాడు. సాయంత్రమైతే గోరువెచ్చటి గుడ్డతో ఒళ్ళు తుడిచి, పాలిచ్చి, పడుకోబెట్టి, రోజూ ఒకటే పాట సన్నగా పాడేది.

అలా నెల దాటింది, రెండో నెలా దాటింది. వాడి ఏడుపు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. ఒక సాయంత్రం పాట ఇంకా సగంలోనే ఉంది. పైడితల్లి వంగి చూస్తే, పిల్లాడు నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆమె చేత్తోనే మొగుణ్ణి పిలిచింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడ్డారు. నిద్రలోనే వాడి పెదవి ఒక పక్కకి నవ్వింది. ఆ రాత్రి వాడు పాలకి రెండుసార్లే లేచాడు. తాగి, మళ్ళీ పడుకున్నాడు.

తెల్లారాక పైడితల్లి వచ్చి చెట్టు మానుని కావలించుకుంది. "నా బిడ్డకి నిద్ర నేర్పావు. నన్నూ బతికించావు తల్లీ! వాడు నేర్చుకున్నాడు. ఇక నీ పిల్లల్ని ఆడుకోనివ్వు" అంది.

ఆకుల సంబరం చెప్పనలవి కాదు. ఎప్పుడు సాయంత్రమవుతుందా అని చూశాయి. పొద్దుగుంకింది. ఆటలు మళ్ళీ మొదలవుతున్నాయని తెలిసి గాలి ఉరుకుతూ వచ్చింది.

"రండర్రా, రండి!"

"వస్తాం... కాస్త ఉండు..." అన్నాయి ఆకులు. ఏం లాభం, కళ్ళు బరువెక్కిపోతున్నాయి! మాట పూర్తికాకుండానే జంటజంటగా ముడుచుకుపోయాయి. గాలి కొమ్మ పట్టుకుని ఊపింది. ఒక్కటీ లేవలేదు.

చెట్టు మెల్లగా నవ్వింది. "వాడికి నేర్పబోయి మీరే నేర్చేసుకున్నారర్రా!" అంది. అని, తనూ ఆవులించింది.

అప్పటినుంచే, ఏ ఊరి చింతచెట్టయినా సరే, పొద్దుగుంకేసరికి ఆకులు ముడుచుకుని నిద్రపోతుంది, తెల్లారగానే విప్పుకుంటుంది.