మూడడుగుల ఖాళీ

తాటిగెడ్డలో తమకున్నంత తెలివి ఇంకెవరికీ లేదని గొర్లె వారి అన్నదమ్ములకి గట్టి నమ్మకం. పెద్దాడు పైడిరాజు, నడిపివాడు సన్యాసప్పడు, చిన్నాడు గౌరీశు. గౌరీశుకి మొన్నీమధ్యే పెళ్ళయింది. విడిగా గది ఉంటేనే కాపురానికొస్తానని పెళ్ళాం నూకరత్నం పుట్టింట్లో కూర్చుంది. పాపం, ఏ నల్లమబ్బు చూసినా గౌరీశుకి ఆ పిల్ల జడే కనబడుతోంది.

గది వేయడానికి మున్సిపాలిటీ ఆఫీసరు ప్లాను చేతికిచ్చి, ఇందులో ఉన్నట్టే కట్టండి, వేలెడు తేడా వచ్చినా కూల్చేస్తానన్నాడు. ఇంకేముంది, ప్లానులో కప్పు గీయలేదని కప్పు వేయలేదు. తలుపు తెరిచినట్టు గీశారని అది మూసుకోకుండా మేకులు కొట్టేశారు. కాగితం మీద టీ గ్లాసు మరక ఉంటే గది మధ్యలో గుండ్రంగా గోడ లేపారు. చుక్కలు కనబడే గది తన రత్నానికి తప్ప ఎవరికుందని గౌరీశు మురిసిపోయాడు.

ఆఫీసరు వచ్చి తల పట్టుకున్నాడు. గుండ్రటి గోడ తీయించి, మేకులు పీకించి, పైన రేకులు వేయించి, వెళ్తూ వెళ్తూ ఒక్క మాట చెప్పాడు.

"గది చుట్టూ మూడడుగులు ఖాళీ ఉండాలి. నేల మీంచి ఆకాశం దాకా ఏదీ అడ్డు రాకూడదు."

అంతే. అన్నలిద్దరూ చుట్టూ సున్నంతో గీత గీసి, కర్రలు పట్టుకుని కాపలా కూర్చున్నారు. కోడి వస్తే కోడిని తరిమారు, కాకి ఎగిరితే కాకిని తిట్టారు. లోపల పరుపు పరుస్తున్న గౌరీశు లోపలే ఉండిపోయాడు.

గది అయిందని తెలిసి నూకరత్నం ట్రంకుపెట్టెతో దిగింది. గుమ్మంలో మొగుడు, గీత అవతల పెళ్ళాం.

"దూకి వచ్చేస్తాను బావా," అంది.

"దూకినా ఖాళీలోంచేగా తల్లీ దూకేది," అన్నాడు పైడిరాజు.

గౌరీశు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు సన్యాసప్పడి బుర్ర వెలిగింది. ఆఫీసరు నేల మీద మాట చెప్పాడు గాని, నేల కింద మాట చెప్పలేదు కదా. ఇంకేముంది, గీత బయట, రత్నం నిలబడ్డ చోట గునపం దిగింది. కొత్తకోడలు కూడా కొంగు బిగించి మట్టి ఎత్తిపోసింది. అడ్డొచ్చిన పునాదిరాళ్ళు ఒక్కొక్కటే పీకేశారు. చివరికి రత్నం గది మధ్యలో తల పైకెత్తింది. గౌరీశు ఆమె చెయ్యి అందుకున్నాడో లేదో, నాలుగు గోడలూ బయటికి ఒరిగాయి. రేకులు వాటితో పాటే జారిపోయాయి. మనుషులకి మాత్రం చిన్న దెబ్బ కూడా తగల్లేదు.

"ఒరే, ఖాళీ నిండిపోయింది," అని పైడిరాజు గుండెలు బాదుకున్నాడు.

అన్నలిద్దరూ గీత దాటకుండా, కర్రలతో ఇటుకా మట్టీ అంతా లోపలికి నెట్టారు. గుట్ట పెరిగేకొద్దీ మొగుడూ పెళ్ళాం చేతులు పట్టుకుని ఎక్కుతూనే ఉన్నారు. చుట్టూ మూడడుగులూ అద్దంలా శుభ్రపడ్డాయి. గుట్ట కొసన నిలబడి గౌరీశు రత్నం భుజం మీద చెయ్యేశాడు.

"చూశావా రత్నం, నువ్వు గది అడిగావు. మా అన్నలు మేడే కట్టేశారు."