జమీందారుగారి నీళ్ళసీసా

కారు వీధిలోకొస్తే ఊరంతా పరిగెత్తుకొచ్చి చూసే కాలమది. మేడిపాలెం జమీందారుగారు కాస్టిక్ సోడా నీళ్ళసీసాకు బ్యాటరీ తీగలు తగిలించి, అందులో పుట్టే హైడ్రోజన్ గ్యాసును తన కారు ఇంజనులోకి పంపారు. గాలను పెట్రోలుకు పదిహేను మైళ్ళు పోయే బండి ఇరవై పోయింది.

"ఇక నీకిచ్చే పెట్రోలు తగ్గిస్తాను. చాలలేదన్నావో, దొంగవే!" అన్నారు డ్రైవరు దస్తగిరితో.

దొంగ అనిపించుకుంటే దస్తగిరి ఉద్యోగం పోయినట్టే. రెండేళ్ళుగా పొద్దున్నే ఆ ప్రయోగాల సీసాలు కడిగిందీ, సోడాకు దొర వేళ్ళు కాలితే వెన్న రాసిందీ తనే. అయినా, "ఇంకొక్కసారి చూద్దాం దొరా" అన్నాడు.

మర్నాడు గాలను కొలిచి పోశారు. బండి ఇరవై మైళ్ళూ పోయాకే ఆగింది. దొర మీసం తిప్పారు. దస్తగిరి తలవంచుకుని బానెట్ ఎత్తాడు. సీసాకు తీగలే లేవు.

"పొద్దున్నే నేనే ఊడదీశాను దొరా."

"మరి ఇరవై ఎలా పోయిందిరా?"

"తమరి మాటతో. మామూలు రోజుల్లో వెనక కూర్చుని 'తొందరగా పోనీరా' అంటారు. సీసా పెట్టిన రోజున అది ఒలికిపోతుందేమోనని, దారి పొడుగునా 'నిదానంరా, నిదానం' అంటారు."

దొర చాలాసేపు తన కాలిన వేళ్ళు చూసుకున్నారు. "పెట్రోలు తగ్గించనులే" అన్నారు. ఆ సాయంత్రమే సీసాలన్నీ పారేయించారు.

ఉద్యోగం నిలిచింది గానీ, మర్నాడు పొద్దున్నే కడగడానికి సీసాల్లేక దస్తగిరికి ఏమీ తోచలేదు. దొర వచ్చి కారెక్కారు. తొందరగా పోనీ అనలేదు. నిదానం అనీ అనలేదు. దస్తగిరే, సీసా ఇంకా ఉన్నట్టు, మెల్లగా పోనిచ్చాడు.