ఈరవ్వ ముద్ద

ఏ దొర ఏలినప్పుడో, ఏ ఏటి ముచ్చటో చెప్పేవాళ్లు కూడా మిగలనంత పాత కథ ఇది. ఎర్రగుట్ట కింద ఒక ఊళ్లో ఈరవ్వ అనే ముసలమ్మ ఉండేది. నల్లమట్టి తెచ్చి బొమ్మలు చేసేది. వాటిని కాల్చేది కాదు. నీడలో పెట్టి, తడిగుడ్డ కప్పి, నిదానంగా ఆరబెట్టేది.

ఒకనాడు ఆ ఊరి దొర ఎద్దు మాయమైంది. పశువులు కాసే ఓదెలు అనేవాడే దాన్ని అమ్ముకున్నాడని దొర అతన్ని కట్టేయించాడు. ఎద్దు గుట్ట దాటి పోయిందని ఓదెలు ఎంత మొత్తుకున్నా వినలేదు. ఓదెలు భార్య కొంరవ్వ ఎద్దును వెతుకుతూ గుట్టెక్కి పోయింది.

దొర ఈరవ్వను పిలిపించి, చచ్చిపోయిన తన తండ్రి బొమ్మ చెయ్యమన్నాడు. అది ఆరిన రోజే గద్దె మీద నిలబెడతానని, ఆ గద్దె ముందే ఓదెలును ఉరి తీస్తానని చెప్పాడు.

ఈరవ్వ బొమ్మ చేసింది. తడిగుడ్డ కప్పింది. గుడ్డ ఆరితే మళ్లీ తడిపింది.

కొన్నాళ్లకు దొర వచ్చి బొమ్మకు చెంప ఆనించాడు. చల్లగా తగిలింది.

"ఇంకా పచ్చిగనే ఉంది దొరా," అంది ఈరవ్వ.

దొర వెళ్లిపోయాడు. ఈరవ్వ గుట్ట వైపు చూసింది. ఎవరూ కనబడలేదు.

దొర మళ్లీ వచ్చాడు. చెంప ఆనించాడు. చల్లగా తగిలింది.

"ఇంకా పచ్చిగనే ఉంది దొరా."

దొరకు అనుమానం వచ్చింది. గుడ్డ పీకించి బొమ్మను ఎండలో పెట్టించాడు. పగులుతుందని ఈరవ్వ చెప్పినా వినలేదు. పొద్దు వాలకముందే మెడ దగ్గర నెర్రె విచ్చింది. తండ్రి తల వచ్చి దొర కాళ్ల ముందు పడింది. ఈరవ్వ గుట్ట వైపు చూసింది. ఎవరూ కనబడలేదు.

మళ్లీ చెయ్యమన్నాడు దొర. మట్టి కలపగానే దొర మనుషులు నీళ్ల కుండ ఎత్తుకుపోయారు. గుడ్డ లేదు. పక్కన కావలివాడు. ఎప్పుడూ బొమ్మ లోపల బోలుగా ఉంచే ఈరవ్వ, ఈసారి పొట్ట నిండా మట్టి కూరింది. కావలివాడు నవ్వాడు.

"చెయ్యి మరిచినవా అవ్వా? చిన్నపిల్లలు సుత ఇట్ల చెయ్యరు."

"మీ పెద్దదొర కడుపు ఎన్నడన్న ఖాళీగ ఉన్నదా బిడ్డా?"

పడమటి గాలి మొదలైంది. నల్లటి బొమ్మ చెవుల దగ్గర ఆరి తెల్లబడింది. తర్వాత ముక్కు. తర్వాత వేళ్లు. ఈరవ్వ గాలికి అడ్డంగా కూర్చుంది. అయినా తెలుపు ఛాతీ దాకా పాకింది. గుట్ట మీద ఎవరూ కనబడలేదు.

దొర వచ్చాడు. చెంప ఆనించాడు. చల్లగా తగల్లేదు.

ఓదెలును తెచ్చి గద్దె ముందు నిలబెట్టారు. మెడకు తాడు వేశారు. ఊరంతా గుమిగూడింది.

ఈరవ్వ లేచి, మట్టి కోసే కత్తి దొర చేతిలో పెట్టింది.

"పైన ఆరింది దొరా, లోపల పచ్చి. నమ్మకపోతే మీ నాయిన కడుపు కోసి చూడున్రి. పచ్చిబొమ్మను నిలబెడితే ఈసారి ఊరందరి ముందు తల పడుతది."

దొర కత్తి ఎత్తాడు. తండ్రి ముఖం చూశాడు. కత్తి పారేశాడు.

"ఆరనియ్యి," అన్నాడు.

తాడు తీశారు. బొమ్మ కడుపులో తడి ఉండగానే కొంరవ్వ గుట్ట దిగి వచ్చింది. అరికాళ్లు చీలి నెత్తురు కారుతోంది. ఆమె వెనకాల దొర ఎద్దు నడిచి వస్తోంది.

ఓదెలు బతికాడు. ఈరవ్వ ఆ తర్వాతెప్పుడో కాలం చేసింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో పంచాయితీకి కూర్చుంటే, పెద్దమనుషులు ముందుగా పిడికెడు మట్టిముద్ద చేసి నీడలో పెడతారు. దాన్ని ఈరవ్వ ముద్ద అంటారు. అది లోపలి దాకా ఆరేవరకు ఎవరికీ శిక్ష చెప్పరు. ఆరేలోగా సగం తగువులు వాటంతటవే చల్లారతాయి. వానాకాలంలోనైతే ఆ ఊళ్లో ఇంతవరకు ఎవరికీ శిక్ష పడలేదు.