వెనక నుంచి పిలిచిన ఈదమ్మ

ఊఁ కొడతారా? ఊఁ కొడితేనే చెప్తా.

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం అది. మనుషులకంటే గొర్రెలే ఎక్కువుండే ఒక చోట ఈదమ్మ అని ఒక ముసలామె ఉండేది. నా అన్నవాళ్లు ఎవరూ లేరు. కరువులో నడుచుకుంటా వచ్చి, ఒక గొర్రెల దొడ్డి దగ్గర ఆగిపోయింది. పొద్దున్నే పెంట ఎత్తేది, దొడ్డి ఊడ్చేది, ఇంత సంగటి పెడితే తినేది. అంతే.

కానీ ఆమెకొక గుణం. ఏది చూసినా ఎందుకూ అని అడిగేది. మేక గోడెక్కుతుంది, గొర్రె ఎందుకెక్కదు? ఎండ పడితే గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తల ఎందుకు దూరుస్తాయి?

దొడ్డోళ్లు నవ్వేవాళ్లు. "రేపు యముడొచ్చినా ఊరికే పోదు ఈమె. ఎందుకొచ్చినావప్పా అని కూర్చోబెట్టి అడుగుతాది" అనేవాళ్లు.

ఆ దొడ్డికి బూడిదోడు అనే కుక్క కాపలా. బూడిద రంగోడు, పెద్ద తలకాయోడు. ఈదమ్మ చేతి ముద్ద తిని, ఆమె వెనకాలే తిరిగేవాడు. ఆమెకున్న తోడు వాడొక్కడే.

ఒక ఏడు, గొర్రెలకు బొచ్చు కత్తిరించిన కొన్నాళ్లకు తోడేలొచ్చింది. తెల్లారే మంచులో ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. బూడిదోడు మొరగలేదు. మళ్లీ వచ్చింది. ఇంకో పిల్ల పోయింది. బూడిదోడు మొరగలేదు. మూడోసారీ వచ్చింది. మూడో పిల్లా పోయింది. బూడిదోడు పడుకున్నోడు పడుకున్నట్టే ఉన్నాడు.

ఆ దొడ్డోళ్లకు ఒక కట్టుబాటు ఉంది. మూడు పిల్లల్ని పోగొట్టిన కుక్కను కొండ దాటిస్తారు. మెడకు తాడేసి తీసుకుపోయి, అవతల అడవిలో చెట్టుకు కట్టేసి వస్తారు. అట్లా పోయిన కుక్క తిరిగొచ్చింది లేదు.

దొడ్డి పెద్ద బీరప్ప తాడు తెచ్చాడు.

"తిని బలిసినాడు దొంగనాయాలు. పిలిచినా పలకడు. ఉత్త పొగరు."

ఈదమ్మ అడ్డంగా నిలబడింది. "నిన్నటిదాకా కాసినోడు ఇయ్యాల ఎందుకు కాయడు బీరప్పా?"

"మొదలుపెట్టిందిరా, ఎందుకంట!"

"ఎందుకో సూద్దాంలేప్పా. సూసినాక కట్టు తాడు."

"ఈలోపల ఇంకో పిల్ల పోతే?"

"వాడితోపాటు నన్నూ దాటించు కొండ."

నవ్వేవాళ్లు నవ్వు ఆపేశారు. బీరప్ప తాడు భుజాన వేసుకున్నాడు. "నీ నోటితో నువ్వే అన్నావు. ఇంకొక్క పిల్ల."

ఈదమ్మ కుక్కకు ఎదురుగా నిలబడి, "ఒరే బూడిదోడా" అంది. తోక ఊపాడు. పొగరున్నోడు తోకెందుకు ఊపుతాడు? పక్కకు పోయి పిలిచింది. చెవి కదల్లేదు. వెనక్కి పోయి పిలిచింది. తిరిగి చూడలేదు. చెంబు తీసుకుని రాతికేసి కొట్టింది. గొర్రెలన్నీ ఉలిక్కిపడ్డాయి. పక్క దొడ్డి కుక్క కూడా మొరిగింది. బూడిదోడు మాత్రం ముందర పోతున్న చీమల్ని చూసుకుంటా కూర్చున్నాడు.

"అయ్యో నా తండ్రీ," అంది ఈదమ్మ. "నీకు ఇనపడదా!"

చెవి మడిచి చూసింది. లోపలంతా పిడుదులు. రక్తం తాగి తాగి ఆముదం గింజలంత అయ్యాయి. కాలివేళ్ల సందుల్లోనూ అవే. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు పాలిపోయి సున్నంలా ఉన్నాయి. ఒంట్లో రక్తం ఉంటే కదా లేచేది!

బీరప్ప వంగి చూశాడు. పోయి పొయ్యిలోంచి కొరివి తెచ్చాడు. "కాలిస్తే సస్తాయి."

"ముందు నీ చెవిలో పెట్టుకో, ఎట్లుంటాదో సూద్దాం."

బీరప్ప కొరివి వెనక్కి తీసుకుపోయాడు.

ఈదమ్మ కుక్క తలను ఒళ్లో పెట్టుకుంది. ఒక్కో పిడుదును చర్మం దగ్గరే పట్టుకుని, తిప్పకుండా తిన్నగా లాగింది. నలపకుండా ఉప్పునీళ్లలో వేసింది. గుడ్డ తడిపి, గట్టిగా పిండి, చెవులు మెల్లగా తుడిచింది. కారం తగలని సంగటిలో మజ్జిగ కలిపి పెట్టింది.

మర్నాడు చూస్తే మళ్లీ పిడుదులు. తీసింది. ఆ మర్నాడు మళ్లీ. తీసింది. "దిష్టి" అన్నారు కొందరు. "వాడి కర్మ" అన్నారు ఇంకొందరు. "అది సరే, యాడ నుంచి వస్తున్నాయి?" అంది ఈదమ్మ.

ఏం చేసిందో తెలుసా? పట్టపగలు పోయి, కుక్క పడుకునే చోట తనే పడుకుంది!

ఆ దొడ్డోళ్లు కుక్కను ఏమీ చిన్నచూపు చూసేవాళ్లు కాదు. ఏటా మొదట కత్తిరించిన బొచ్చు కుక్కకే పరుపుగా వేసేవాళ్లు. కాపలా కాసేవాడికి అది వాళ్లిచ్చే మర్యాద. ఈదమ్మ ఆ పరుపు మీద కాసేపు ఉందో లేదో, చేతుల మీద ఏదో పాకింది. లేచి చూసుకుంది. పిడుదులు.

"బీరప్పా, దిష్టీ కాదు, కర్మా కాదు. మన మర్యాదే వాణ్ణి తింటాంది."

బీరప్పకు మనసు కష్టమైంది. "మా తాతల కాలం నుంచీ వేస్తున్నాం కదే."

"వాళ్లు వేసింది ప్రేమతోనే లేప్పా. ఆ ప్రేమ అట్లే ఉండనీ. బొచ్చు మాత్రం తీసెయ్."

బీరప్పే ఆ బొచ్చంతా పోగేసి కాల్చాడు. ఈదమ్మ నేల గీకి ఊడ్చింది. బూడిదోడికి ఎండ తగిలే బండ మీద చోటిచ్చింది. రోజూ చెవులు చూసింది, వేళ్లు చూసింది, చిగుళ్లు చూసింది. చిగుళ్లకు మెల్లమెల్లగా రంగొచ్చింది.

ఒక తెల్లారుజామున మంచు దట్టంగా పట్టింది. ఈదమ్మ దొడ్డి ఊడుస్తోంది. ఆమెకేమీ వినపడలేదు. గొర్రెలకూ వినపడలేదు. బండ మీద బూడిదోడు చెవులు నిక్కించాడు. లేచాడు. కొండ దద్దరిల్లేట్టు మొరిగాడు. మంచులోకి ఒక్క దూకు దూకాడు.

బీరప్ప, మిగతావాళ్లు కర్రలతో పరిగెత్తుకొచ్చేసరికి తోడేలు తోక ముడిచింది. పిల్లల్ని లెక్కపెట్టారు. అన్నీ ఉన్నాయి. బీరప్ప అన్నాళ్లూ భుజాన మోసిన తాడు తీసి, బావి దగ్గరికి పోయి చేదకు కట్టాడు.

తర్వాత ఎన్నో ఏళ్లకు ఈదమ్మ పోయింది. బీరప్పే గుంత తవ్వాడు.

బీరప్ప కూడా ముసలోడయ్యాడు. ఇంట్లో కోడలు సణిగేది. "ఎన్నిసార్లు పిలిచినా పలకడు. ముసలాయనకు ఎంత పొగరు!" ఒకరోజు ఆ మాట అంటానే ఆమె ఆగిపోయింది. మెల్లగా మామ వెనక్కి పోయి నిలబడింది. "మామా" అంది. ఆయన మందను చూసుకుంటా అట్లే కూర్చున్నాడు. ఇంకొంచెం గట్టిగా, "మామా" అంది. తిరగలేదు.

కోడలు చుట్టూ తిరిగి వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, చేయి పట్టుకుని సంగటి పెట్టింది.

ఇప్పటికీ ఆ కొండల్లో గొర్రెలోళ్లు కుక్క కింద బొచ్చు వేయరు. సాయంత్రం తినేముందు ఒకరు లేచి, కుక్క వెనక్కి పోయి పిలుస్తారు. తిరిగి చూసిందా, తింటారు. చూడలేదా, కంచం పక్కన పెట్టి చెవులు చూస్తారు.

కుక్కలకే కాదు. నా బిడ్డ మాట వినడు, వీపు పగలగొడతా అని ఏ తల్లయినా చెయ్యెత్తితే, పక్కనున్న ముసలమ్మ ఆ చెయ్యి పట్టుకుంటుంది. "ఉండు తల్లీ. ఈదమ్మ పిలుపు పిలిచినావా?" అంటుంది.

పిలవకుండా కొట్టే హక్కు ఆ కొండల్లో ఎవరికీ లేదు.