నీలం దారం బస్తా

ఏలీషా మొదట పెట్టుబడి పెట్టింది రెండు లక్షల పది వేలు. బస్తా మూడు వేల చొప్పున డెబ్బై బస్తాల గోరుచిక్కుడు జిగురు పొడి వచ్చింది. చేతిలో ఇంకేమీ మిగల్లేదు.

కోనసీమలో గ్యాస్ బావులు తవ్వేచోట ఆ పొడిని నీళ్ళలో కలిపి బావిలోకి పంపుతారు. చిక్కబడిన నీళ్ళు అడుగున నలిగిన రాతి ముక్కల్ని మోసుకుంటూ పైకొస్తాయి. పల్చగా ఉంటే ముక్కలు అడుగునే పేరుకుని తవ్వే గొట్టం ఇరుక్కుపోతుంది.

ఈ కలిపే పని ఏలీషా మూడేళ్ళు కరీముల్లా దగ్గర చేశాడు. ముప్పై ఏళ్ళు రిగ్గుల మీదే గడిపిన మనిషి. అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన ఒక్క బస్తా పొయ్యడానికి ఇరవై నిమిషాలు తీసుకునేవాడు. నాలుగు నిమిషాల పని అది. రోజుకి ఎనిమిది బస్తాలు. ఉస్తాద్ బద్ధకం వల్ల రోజూ రెండు గంటల ఎనిమిది నిమిషాలు దండగ అని ఏలీషా అప్పట్లోనే లెక్కకట్టి, టీకొట్టు దగ్గర చెప్పి నవ్వించేవాడు.

ఇప్పుడు సొంతంగా పొడి అమ్మడం మొదలుపెట్టాడు. పొద్దున పదింటికి రిగ్గు దగ్గర శాంపిల్ పరీక్ష. బకెట్టు నీళ్ళలో పొడి కుమ్మరించి గబగబా తిప్పాడు. ఇంజనీరు మేడమ్ ఆ నీళ్ళని గరాటులో పోసింది. గరాటు మీది జల్లెడలో ఏవో ఉండలు మిగిలితే దులిపేసి, స్టాప్‌వాచ్ నొక్కింది. ఉత్త నీళ్ళు దిగడానికి ఇరవై ఆరు సెకన్లు. జిగురు నీళ్ళకి నలభై దాటాలి. ఇవి ముప్పైకే దిగిపోయాయి.

"సాయంత్రం నాలుగింటికి ఇంకోసారి చూస్తాను" అంది మేడమ్. "అప్పుడూ ఇంతే అయితే నీ బస్తాలు నువ్వు తీసుకుపో."

ఏలీషాకి ముందు మిల్లువాడి మీద అనుమానం వచ్చింది. మైదాపిండి కలిపి ఉంటాడు. రిగ్గు దగ్గరున్న మందుల పెట్టెలోంచి అయోడిన్ తీసి పొడి మీద రెండు చుక్కలు వేశాడు. పిండి ఉంటే నీలంగా మారాలి. మారలేదు. అయితే మిల్లు నుంచి సరుకు తెచ్చిన లారీ డ్రైవరేమన్నా కాజేశాడా? బస్తాలున్న తన వ్యాను ఎక్కి లెక్కపెట్టాడు. డెబ్బై సరిగ్గా ఉన్నాయి.

అప్పుడు కుట్లు కనబడ్డాయి. అరవై ఏడు బస్తాలకి తెల్లదారం. మూడింటికి నీలం దారం. పొద్దున శాంపిల్ తీసింది నీలం దారం బస్తాలోంచే.

నిన్నటిదాకా ఆ బస్తాలున్నది ఉస్తాద్ షెడ్డులో. తాళంచెవి ఆయన దగ్గరే. పైగా ఆయన మేనల్లుడు కూడా ఇదే పొడి అమ్ముతాడు. మూడు బస్తాలంటే డెబ్బై అయిదు కిలోలు. మంచి పొడి తీసేసి నాసిరకం నింపారు, లెక్క తేలిపోయిందనుకున్నాడు ఏలీషా. వ్యాను తిన్నగా ఉస్తాద్ ఇంటికి పోనిచ్చాడు.

ఉస్తాద్ షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"నా బస్తాలు ఎవరన్నా విప్పారాండి, ఉస్తాద్?"

"ఎలకలు విప్పాయి. నేను కుట్టాను."

"మూడే కొరికాయాండి?"

"మిగతావి ఎందుకు కొరకలేదని వాటి మీద కేసు పెడతావా ఏంటి?"

ఏలీషా నవ్వలేదు. "కారింది ఎంతుంటుందండి?"

"దోసెడు. ఊడ్చి పారేశాను."

"మీ మేనల్లుడు ఈమధ్య ఇటొచ్చాడాండి?"

ఉస్తాద్ గ్లాసు పక్కన పెట్టాడు. లేచి లోపలికెళ్ళి ఒక బకెట్టు, ఒక చాకు తెచ్చాడు.

"తెల్లదారం బస్తా విప్పు. పొద్దున ఎలా కలిపావో అలాగే కలుపు."

ఇరవై లీటర్ల నీళ్ళు. వంద గ్రాముల పొడి. ఏలీషా ఒక్కసారిగా కుమ్మరించి కర్రతో గిరగిరా తిప్పాడు. రెండు నిమిషాల్లో ఆపేశాడు. నీళ్ళు పల్చగానే ఉన్నాయి. తెల్లదారం బస్తాలో పొడి కూడా అంతే.

ఉస్తాద్ నీళ్ళ వంక చూడలేదు. చెయ్యి ముంచి, రేగుపండంత ఉండ ఒకటి పైకి తీసి ఏలీషా అరచేతిలో పెట్టాడు.

"తడిసిందా?"

"తడిసిందండి. చేతిలో నిలవట్లేదు, జారిపోతోంది."

ఉస్తాద్ బొటనవేలి గోరుతో ఉండని చీల్చాడు. లోపల తెల్లటి పొడి. మిల్లులోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. గాలికి కొంచెం ఎగిరింది కూడా.



"నా దగ్గర ఎన్నాళ్ళున్నావురా?"

"మూడేళ్ళండి."

"అవును. రోజూ నీళ్ళలోనే ఉన్నావు" అని ఉస్తాద్ మళ్ళీ స్టూలు మీద కూర్చుని, చల్లారిన టీ అందుకున్నాడు.

ఏలీషా బకెట్టు ఒంపేశాడు. మళ్ళీ నీళ్ళు పట్టాడు. టైము చూసుకుందామని చెయ్యి పైకెత్తి, వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు. ఎడంచేత్తో కర్ర తిప్పడం మొదలుపెట్టాడు. కుడిచేత్తో పొడి ఒక్క చిటికెడు తీసి, తిరుగుతున్న నీళ్ళ మీదికి చెయ్యి చాపాడు.