కడిగిన ఫిల్టరుకు ఎర్ర నూనె

"అవ్వా, నా దగ్గరికి ఎవరూ ఎందుకు రావడం లేదు?" అని శేషారత్నం అడిగిన రోజున ఓబుళమ్మ అవ్వ తన పాత జీపు బానెట్ ఎత్తి నిలబడి ఉంది. ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. తన చేతిలో ఉన్న పనిని అడిగినవాళ్ళ చేతిలో పెట్టేస్తుంది. అందుకే ఆ ఆశ్రమంలో వేదాంతం అడిగినవాళ్ళు తక్కువ, పిండి రుబ్బినవాళ్ళు ఎక్కువ.

ఆశ్రమమంటే ఏమీ లేదు. నాలుగు గదులు, ఒక వసారా, ఒక వంటిల్లు, చుట్టూ నాపరాళ్ళ గనులు. ప్రతి గురువారం గనుల్లో రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు వచ్చి అవ్వ ముందు కూర్చుని తమ గోడు చెప్పుకుని పోతారు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ జరిగే పూజంతా అదే. ఇప్పుడు అవ్వకు ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం పోయింది. ఆవిడ పీట మీద శేషారత్నాన్ని కూర్చోబెట్టి మూడు గురువారాలయ్యాయి. మొదటి వారం పదకొండు మంది వచ్చారు, రెండో వారం ఆరుగురు. మొన్న ఒక్కతె కూడా రాలేదు. ఇంకో రెండు వారాలు ఇలాగే నడిస్తే పీటను అటకెక్కించడమే.

శేషారత్నం చెడ్డ మనిషి కాదు. తొమ్మిదేళ్ళు కష్టపడి కోపాన్ని కడిగేసుకుంది, అసూయను కడిగేసుకుంది. తన మనసును, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసిన మడిబట్టలా కాపాడుకుంది. ఎవరు ఏం చెప్పినా తొణకదు. కళ్ళు సగం మూసి వింటుంది, రెండు మంచి మాటలు చెబుతుంది, లేచి కాళ్ళు కడుక్కుంటుంది. తనకు ఏదీ అంటదని ఆవిడకు లోలోపల ఒక చిన్న గర్వం. దాన్ని మాత్రం కడగడం మరిచిపోయింది.

అవ్వ ఇంజను పక్కనున్న పెట్టె మూత విప్పి ఫిల్టరు పైకి తీసింది. ఇంజను పీల్చే గాలిలోని దుమ్మును పట్టి ఆపేది అదే. వాడి పారేసే కాగితపు రకం కాదు. కడిగి, నూనె పట్టించి, మళ్ళీ మళ్ళీ వాడుకునే నూలుగుడ్డ రకం. మడతలు మడతలుగా ఉంటుంది. ఇన్నేళ్ళూ దాన్ని అవ్వే కడిగేది, వేరే ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

"కడుగు. లోపలి తట్టు నుంచి నీళ్ళు పొయ్యి, దుమ్ము వచ్చిన దారినే పోవాల. నీడలో ఆరబెట్టు. ఆరినాక ఈ సీసాలో నూనె పట్టించి బిగించు" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

కడగడంలో శేషారత్నాన్ని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మడత మడతకీ సన్నటి ధారగా నీళ్ళు పోసింది. నీళ్ళు తేటగా వచ్చాక కూడా ఇంకో రెండు చెంబులు పోసింది. సాయంత్రానికి గుడ్డ ఆరి, తెల్లగా, కొత్తదానిలా తేలింది. అప్పుడు సీసా మూత తీసి చూస్తే నూనె ఎర్రగా, వేలికి అంటితే వదలనంత జిగటగా ఉంది. ఇంత శుభ్రంగా కడిగిన గుడ్డకి మళ్ళీ ఈ జిడ్డు పూయాలా? అవ్వకు చెవులతో పాటు మతి కూడా తగ్గుతున్నట్టుంది అనుకుంది. సీసాకు మూత బిగించి, ఫిల్టరును ఉన్నదున్నట్టు పెట్టెలో అమర్చి, చేతులు కడుక్కుంది.

మర్నాడు పొద్దున అవ్వ సీసాను ఎత్తి వెలుగుకు పెట్టి చూసింది. చుక్క తగ్గలేదు. "రా రత్నమా, గనుల దాకా పోయొద్దాం" అంది. తనే నడిపింది. రాళ్ళ లారీల వెనకాలే, ఒక్కదాన్నీ దాటకుండా, పోనూ రానూ రెండు గంటలు. తిరిగి వచ్చేసరికి ఇద్దరి కనుబొమలూ తెల్లబడ్డాయి.

అవ్వ ఇంజను చల్లారనిచ్చి ఫిల్టరు బయటికి తీసింది. దానికి పెద్దగా దుమ్ము లేదు. శేషారత్నం సంతోషించింది. అప్పుడు అవ్వ, ఫిల్టరు నుంచి ఇంజనులోకి పోయే గొట్టాన్ని ఊడదీసి ఆవిడ ముందు పెట్టింది.

"నీ కొంగుతో దీని లోపల తుడువు."

"మడిబట్ట అవ్వా."

"అందుకే అడిగినా."

తుడిచిన కొంగు ముగ్గుపిండిలో ముంచినట్టు బయటికి వచ్చింది.

"జిడ్డు లేక ఫిల్టరుకేమో అంటలేదు. శానా శుభ్రమైన ఫిల్టరు" అంది అవ్వ. "మరి ఈ దుమ్మంతా ఎవరింట్లోకి పోయినట్టు?"

వంటింటి గడపలో చింతపండు పిక్కలు తీస్తున్న మాబున్ని అందుకుంది. మాబున్ని అక్కడ వంట చేస్తుంది, అక్షరం ముక్క రాదు, నోటికి తాళం లేదు.

"సుంకమ్మ నీకు చెప్పుకోని పోయిన దినం, ఇంటికి పోయి చిన్నపిల్లను చావగొట్టిందంట అక్కా. మర్నాడు నా కాడికొచ్చి ఆ మాట చెప్పి ఏడ్చింది."

సుంకమ్మ ఎవరో శేషారత్నానికి గుర్తు చేసుకోవలసి వచ్చింది. రాతిబండ కింద మొగుడి చెయ్యి నలిగిన మనిషి. ఆ రోజు తను ఆమెతో అన్న మాట మాత్రం ఇట్టే గుర్తొచ్చింది. "సంసారమంటే ఇంతే తల్లీ, మనసుకు అంటించుకోకు."

శేషారత్నం గొట్టాన్ని శుభ్రంగా తుడిచింది. కొంగు సంగతి పట్టించుకోలేదు. సీసా తీసుకుని, చేసిన తప్పంతా ఒక్కసారే సరిదిద్దాలన్నట్టు ఫిల్టరు మీద వంచబోతే, అవ్వ మణికట్టు పట్టుకుంది.

"పెండ్లికూతురికి తలంటు కాదు. మడతకొక సన్నగీత పొయ్యి, మిగిలింది అదే పాకుతుంది. ఎక్కువైతే ఇంజనుకు గాలి ఆడదు."

గీత వెంట గీత పోసి, ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఎర్ర నూనె గుడ్డ పొడుగునా తీరిగ్గా పాకింది. ఎక్కడైనా తెలుపు మిగిలితే అక్కడ ఇంకో చుక్క. ఆ అరగంటా శేషారత్నం కాళ్ళు కడుక్కోవడానికి లేవలేదు.

గురువారం సుంకమ్మను మాబున్ని లాక్కొచ్చినంత పని చేసి పీట ముందు కూర్చోబెట్టింది. సుంకమ్మ తల వంచుకుని, చెప్పిందే మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. శేషారత్నం మధ్యలో ఆపింది.

"ఏ చెయ్యి సుంకమ్మా?"

మూడు వారాల్లో ఆ పీట మీద నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది. సుంకమ్మ తల ఎత్తింది.

"కుడి చెయ్యమ్మా."

"మరి అన్నం ఎట్లా తింటాడు?"

"నేనే కలిపి పెడతాండా. నోరు తెరుస్తాడు, మింగుతాడు, గోడ తట్టు తిరుగుతాడు. నాతో మాట్లాడి ఇరవై దినాలాయ."

"నువ్వు పెట్టేటప్పుడు పిల్లలు చూస్తుంటారా?"

"వాళ్ళేడికి పోతారు. ఉండేదొక్కటే గది."

శేషారత్నం తన ఎడం చేతి వంక చూసుకుంది. తర్వాత, "ఎడం చేత్తో తిననియ్యి" అంది.

"థూ. మా అత్త వింటే కంచం ఇసిరి కొడుతుంది."

"నువ్వూ ఎడం చేత్తోనే తిను, ఆయన పక్కనే కూర్చుని. పిల్లలనూ తినమను. మెతుకు కింద పడకుండా ఎవరు తింటారో పందెం పెట్టు." ఎడం చెయ్యి కంచంలో పెట్టినవాళ్ళ వరసలో ఏనాడూ కూర్చోని మనిషి అంటున్న మాట ఇది.

సుంకమ్మ ఆవిడ వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మా అత్తకు పండ్లు లేవు, చేతులు రెండూ వణుకుతాయి. పందెంలో మొదట ఓడేది ఆమే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు సగంలో ఏడుపైంది. చాలాసేపు ఏడ్చింది. శేషారత్నం కళ్ళు మూసుకోలేదు, మంచి మాట ఒక్కటీ చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర శేషారత్నం కుడి చెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఎడం చేత్తో పప్పన్నం కలుపుతోంది. సగం మెతుకులు ఒళ్ళోనే ఉన్నాయి. మాబున్ని నవ్వు ఆపుకోలేక గరిటె కింద పెట్టేసింది. అవ్వ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అవ్వా, సుంకమ్మ పోయి మూడు గంటలైంది. గోడ తట్టు తిరిగిన ఆ మనిషి మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోలేదు. నాకేదో అంటుకుంది."

అవ్వ వినిపించే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆ చివరి మాట మళ్ళీ చెప్పమంది. శేషారత్నం మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా. అవ్వ ముఖమంతా విప్పారింది.

"మంచిది" అంది. "కడగడం నీకు వచ్చు గదా."